ఇంట్లో ఒకటి, ఊరవతల ఒకటి

2017 మే 12, శుక్రవారం. ప్రపంచంలో ఎక్కడెక్కడి కంప్యూటర్ల తెరల మీదో ఎర్రటి పెట్టె ఒకటి ప్రత్యక్షమైంది. మీ ఫైళ్ళకు తాళం వేశాం, మూడు రోజుల్లో 300 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ కడితే తీస్తాం, ఆలస్యమైతే 600 అని అందులో రాసి ఉంది. ఆ వైరస్ పేరు వాన్నాక్రై. 150 దేశాల్లో 2 లక్షలకు పైగా కంప్యూటర్లు దాని వాత పడ్డాయి. మర్నాటికల్లా ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కూడా ఆ జాబితాలో చేరింది. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లోని కొన్ని పోలీసు యూనిట్ల కంప్యూటర్లు మొరాయించాయని పత్రికలు రాశాయి. అప్పటికి మన పల్నాడు ఇంకా గుంటూరు జిల్లాలోనే ఉంది. నరసరావుపేట కేంద్రంగా విడి జిల్లా అయింది 2022 ఏప్రిల్‌లో.

ఆ వైరస్ పనిచేసిన తీరు తెలుసుకుంటే బ్యాకప్ గురించి తెలుసుకోవలసిన దాంట్లో సగం తెలిసినట్టే. అది ముందు డాక్యుమెంట్లు, ఫొటోలు, లెక్కల ఫైళ్ళు ఎక్కడున్నాయో వెతికి తాళం వేసింది. విండోస్ తనంతట తాను దాచుకునే పాత ప్రతులుంటాయి కదా, వాటిని వెతికి మరీ చెరిపేసింది. ఆ సమయానికి యూఎస్‌బీ తీగతో తగిలించి ఉన్న ఎక్స్‌టర్నల్ డ్రైవులోకి కూడా పాకి, అక్కడి ఫైళ్ళకూ తాళం వేసింది. రోజూ బ్యాకప్ తీసుకుంటున్నాం, మాకేం భయం అనుకున్నవాళ్ళలో డ్రైవును ఎప్పుడూ తగిలించే ఉంచినవాళ్ళకు అసలూ పోయింది, నకలూ పోయింది. ఆ వైరస్ దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే, మార్చి 14న విడుదల చేసింది. అది వేసుకున్న యంత్రాల జోలికి వైరస్ రాలేకపోయింది.

అందుకే ఏ డ్రైవు కొనాలని ఎవరు అడిగినా నేను చెప్పేది ఒక్కటే. ఖరీదైనది ఒకటి కొనవద్దు, మామూలువి రెండు కొనండి. ఒకటి ఇంట్లో, తీగ విప్పి, బీరువాలో ఉండాలి. రెండోది వేరే ఊళ్ళో ఉండాలి. మిగతా వివరాలన్నీ దీని తర్వాతే.

ముందు ఏం దాచాలో చూద్దాం. పొలం పాసుపుస్తకం స్కాను, పిల్లల మార్కుల మెమోలు పోయినా కొంత ఆయాసంతో తిరిగి తెచ్చుకోగలం. భూమి వివరాలు ప్రభుత్వ వెబ్‌సైట్లో ఉంటాయి, ధ్రువపత్రాలు చాలావరకు డిజిలాకర్‌లో దొరుకుతాయి. తిరిగి రానివి వేరే ఉన్నాయి. చనిపోయిన తాతయ్య గొంతు ఉన్న ఫోను రికార్డింగు, పదేళ్ళ కిందటి పెళ్ళి వీడియో, మిర్చి కోల్డ్ స్టోరేజిలో పెట్టిన ఏడాది నుంచీ రాసుకుంటున్న ఎక్సెల్ లెక్క, అమెరికాలో ఉన్న కూతురు వాట్సాప్‌లో పంపిన మనవడి తొలి అడుగులు. వీటికి ఇంకో ఆఫీసులో నకలు ఉండదు. బ్యాకప్‌లో మొదటి చోటు వీటిదే.

ఇక డ్రైవు సంగతి. ఐబీఎం సంస్థ 1956లో తెచ్చిన మొదటి హార్డ్ డిస్కులో 24 అంగుళాల పళ్ళేలు 50 ఉండేవి. అన్నీ కలిపి దాచింది 50 లక్షల అక్షరాలు, అంటే ఈనాటి ఫోనుతో తీసిన ఒక ఫొటో పాటి. ఇప్పుడు అరచేతిలో పట్టే పోర్టబుల్ డ్రైవులో రెండున్నర అంగుళాల పళ్ళేలు ఒకటో రెండో ఉంటాయి. అవి సాధారణంగా నిమిషానికి 5400 చుట్లు తిరుగుతాయి. ఆ లెక్కన పళ్ళెం అంచు గంటకు 65 కిలోమీటర్ల వేగంతో పరుగెడుతుంటే, రాసే తల దానికి కొద్ది నానోమీటర్ల ఎత్తున తేలుతుంటుంది. నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. పళ్ళెం తిరుగుతుండగా డ్రైవు బల్ల మీంచి జారిపడితే ఆ తల పళ్ళేన్ని గీకేస్తుంది. ఆగి ఉన్నప్పుడు పడితే బతికే అవకాశం చాలా ఎక్కువ. అందుకే కాపీ అవుతున్నంతసేపూ డ్రైవును బల్ల మధ్యలో, పిల్లల కాళ్ళకు తీగ తగలని చోట ఉంచాలి.

పిడుగురాళ్ళ సున్నపు బట్టీల చుట్టుపక్కల వాళ్ళూ, మాచర్ల, దాచేపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీల దగ్గరి వాళ్ళూ దుమ్ము గురించి అడుగుతారు. డ్రైవు లోపలికి గాలి వెళ్ళే చిన్న రంధ్రానికి వడపోత ఉంటుంది కాబట్టి దుమ్ము పళ్ళేల దాకా పోదు. అది చేరేది యూఎస్‌బీ మూతిలోకి. అక్కడ పేరుకుంటే తీగ సరిగా అతుక్కోక, కాపీ మధ్యలో డ్రైవు మాయమవుతుంటుంది. జిప్ ఉన్న చిన్న సంచి ఒకటి కొని అందులో పెడితే ఆ బాధ తీరుతుంది.

దుమ్ము కంటే ఎండ గురించి ఎక్కువ ఆలోచించాలి. రెంటచింతల పేరు వేసవిలో రోజూ వార్తల్లో వినేదే. ఆ చుట్టుపక్కల 45 డిగ్రీలు దాటడం కొత్త కాదు. పోర్టబుల్ డ్రైవుల తయారీదారులు తమ వివరాల పట్టీలో పనిచేసే ఉష్ణోగ్రత అని రాసేది చాలావరకు 5 నుంచి 35 డిగ్రీలు. మే నెల మధ్యాహ్నం గురజాలలో ఫ్యాను తిరుగుతున్న గది కూడా ఆ హద్దు దాటి ఉంటుంది. గంటసేపు ఏకబిగిన రాస్తే డ్రైవు తన సొంత వేడినీ దానికి కలుపుతుంది. అంతమాత్రాన డ్రైవు వెంటనే చచ్చిపోదు. గూగుల్ ఇంజనీర్లు లక్షకు పైగా డ్రైవులను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, జనం అనుకున్నంతగా వేడికీ వైఫల్యానికీ పొత్తు కనపడలేదు. బాగా ఎక్కువ వేడిలోనూ, వయసు మీరిన డ్రైవుల్లోనూ మాత్రం ఆ పొత్తు బయటపడింది. అయితే అవి డేటా సెంటర్లో ఉన్న డ్రైవులు, మన మేడ మీది రేకుల గదిలోవి కావు. వేసవిలో బ్యాకప్ తెల్లవారుజామున ఐదారు గంటలకు పెట్టుకోవడం ఖర్చు లేని జాగ్రత్త. దాచే చోటు బీరువా కింది అర. పై అరలో, స్లాబుకు దగ్గరగా వద్దు. కూలరు ఊదే గదిలో బీరువా బయట అసలే వద్దు, ఆ గాలి నిండా తేమ ఉంటుంది.

తర్వాతిది కరెంటు. రాస్తుండగా కరెంటు పోతే ఆ క్షణంలో రాస్తున్న ఫైలే కాదు, ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక కూడా చెదరవచ్చు. ఇక్కడ డ్రైవును ఏ పద్ధతిలో ఫార్మాట్ చేశారన్నది ముఖ్యం. ఎన్‌టీఎఫ్ఎస్ పద్ధతి తాను చేయబోయే మార్పును ముందు చిట్టాలో రాసుకుని తర్వాత చేస్తుంది, కాబట్టి మధ్యలో ఆగినా పట్టికను సరిదిద్దుకోగలదు. ఎక్స్‌ఫ్యాట్‌లో ఆ చిట్టా లేదు. విండోస్ ఒక్కటే వాడే ఇంట్లో ఎన్‌టీఎఫ్ఎస్ మేలు. ఇంట్లో మ్యాక్ కూడా ఉండి, రెండింటి మధ్యా డ్రైవు తిప్పాలంటేనే ఎక్స్‌ఫ్యాట్. పాత ఫ్యాట్32 అయితే అసలొద్దు. 4 జీబీకి మించిన ఫైలు అందులో పట్టదు, పెళ్ళి వీడియోలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి.

ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కాబట్టి కరెంటు కోత దానికి పట్టదు. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ కావాలి. ఇంట్లో ఇన్వర్టరు ఉందిగా అంటారు. కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ రెప్పపాటు చాలు కంప్యూటరు ఆగి మళ్ళీ మొదలవడానికి. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ వెనకో పక్కనో ఉంటుంది, దాన్ని వేసి ఉంచితే మారే సమయం తగ్గుతుంది. ఇదే కారణంగా, విడిగా అడాప్టరు పెట్టుకోవలసిన పెద్ద మూడున్నర అంగుళాల డ్రైవు కంటే, యూఎస్‌బీ తీగ నుంచే కరెంటు తీసుకునే చిన్న డ్రైవే మన ఊళ్ళకు నప్పుతుందని నా అభిప్రాయం. ల్యాప్‌టాప్‌తో కలిపి పెడితే వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ పేలినా దాని పని అది పూర్తి చేసుకుంటుంది.

సైజు ఎంత అంటే, ఇప్పుడున్న ఫైళ్ళన్నీ కలిపి ఎంతో చూసుకుని దానికి రెండింతలు. పాత ప్రతులు కూడా ఉంచుకోవాలి కనుక ఆ జాగా కావాలి. 1 టీబీ అని కొన్న డ్రైవు విండోస్‌లో 931 జీబీ అని కనపడితే షాపువాడు మోసం చేశాడనుకోవద్దు. తయారీదారుకు ఒక జీబీ అంటే వంద కోట్ల బైట్లు, విండోస్ లెక్కలో 107 కోట్ల పైచిలుకు. తేడా అంతే. అసలు మోసం వేరే ఉంది. 16 టీబీ ఎస్ఎస్‌డీ అతి చౌక అని ఆన్‌లైన్‌లో కనపడేవి నకిలీలు. లోపల 64 జీబీ మెమరీ కార్డు ఉంటుంది, చిప్పు మాత్రం 16 టీబీ అని అబద్ధం చెబుతుంది. ఫైళ్ళు ఎక్కినట్టే కనపడతాయి, కార్డు నిండాక పాతవాటి మీదే కొత్తవి రాసేస్తుంది. కొత్త డ్రైవు చేతికొచ్చిన రోజే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ఉచిత ప్రోగ్రాంతో దాన్ని ఆ చివరి దాకా నింపి, తిరిగి చదివించి చూడాలి. పెద్ద డ్రైవుకు ఒక పగలు పట్టవచ్చు. పట్టనివ్వండి.

అసలైన ఎస్ఎస్‌డీ మంచిదే. పడినా తట్టుకుంటుంది, చాలా వేగం కూడా. కానీ అందులో సమాచారం విద్యుదావేశం రూపంలో నిలుస్తుంది. కరెంటు లేకుండా బీరువాలో పడి ఉంటే ఆ ఆవేశం నెమ్మదిగా కారిపోతుంది, వేడిలో ఇంకా త్వరగా. జెడెక్ అనే ప్రమాణాల సంస్థ గృహ వినియోగపు ఎస్ఎస్‌డీలకు పెట్టిన నియమం ఏమిటంటే, రాతల ఆయుష్షు అంతా వాడేసిన తర్వాత కూడా 30 డిగ్రీల వద్ద ఏడాదిపాటు సమాచారం నిలవాలి. కొత్త ఎస్ఎస్‌డీ అంతకంటే ఎంతో ఎక్కువే నిలుపుతుంది. అయినా మన బీరువాలు ఏప్రిల్, మే నెలల్లో 30 దగ్గర ఆగవు. ఏళ్ళ తరబడి తియ్యకుండా దాచే ప్రతికి పళ్ళేల డ్రైవే నయం, ధర కూడా తక్కువ.

ఏ డ్రైవైనా ఒకరోజు పోతుంది. ఆ రోజు ముందే తెలిస్తే కాపాడుకోవడం తేలిక. మాచర్ల దగ్గరి నాగార్జునకొండ లోయకు ముంపు అలాగే ముందే తెలిసింది. నాగార్జునసాగర్ ఆనకట్టకు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. లోయ మునుగుతుందని తెలిసి, 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు సాగించింది. కొన్ని కట్టడాలను ఊడదీసి కొండ మీద తిరిగి నిలిపారు, కొన్నిటికి అనుపులో నమూనాలు కట్టారు. అక్కడి ఇక్ష్వాకుల కాలపు ప్రాకృత శాసనాలు అంతకు చాలా ముందే, ఎపిగ్రాఫియా ఇండికా 20వ సంపుటంలో ఫోగెల్ సంపాదకత్వంలో అచ్చయ్యాయి. నీళ్ళొచ్చేసరికి ఆ అక్షరాలు పుస్తకం రూపంలో ఎక్కడెక్కడి గ్రంథాలయాల్లోనో ఉన్నాయి.

హార్డ్ డిస్కుకు అలాంటి గడువు ఉండదు. డ్రైవు తన ఆరోగ్యాన్ని తానే నమోదు చేసుకునే స్మార్ట్ అనే ఏర్పాటు ఉంది, అది తేడా చూపిస్తే వెంటనే డ్రైవు మార్చాల్సిందే. కానీ ఇందాక చెప్పిన గూగుల్ అధ్యయనంలో, చెడిపోయిన డ్రైవుల్లో 56 శాతానికి పైగా ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సూచికల్లో ఏ ఒక్కటీ చూపించకుండానే చెడిపోయాయి. మొన్నటి దాకా బాగానే పనిచేసింది అన్నమాట డ్రైవు విషయంలో ధైర్యం చెప్పే మాట కాదు.

సాఫ్ట్‌వేర్‌కు వద్దాం. ఇక్కడ జనం ఎక్కువగా పొరపడేది అద్దం పట్టడాన్ని బ్యాకప్ అనుకోవడం దగ్గర. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ వంటివి కంప్యూటర్లో ఉన్నదాన్ని ఉన్నట్టు అక్కడ చూపిస్తాయి. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులుంటుంది, ఆ తర్వాత అంతే. రోబోకాపీ ఆదేశానికి మిర్రర్ అన్న గుర్తు తగిలించి రోజూ నడిపేవాళ్ళకూ ఇదే ప్రమాదం. సోమవారం పొరపాటున ఒక ఫోల్డరు చెరిపితే, మంగళవారం ఆ ప్రోగ్రాం బుద్ధిగా డ్రైవులోంచి కూడా తీసేస్తుంది. కావలసింది పాత ప్రతులను తేదీలవారీగా నిలుపుకునే సాఫ్ట్‌వేర్. పోయిన నెల 10వ తేదీన ఈ ఫైలు ఎలా ఉందో చూపించు అంటే చూపించగలగాలి.

మ్యాక్ ఉన్నవాళ్ళకు 2007 నుంచీ టైమ్ మెషీన్ ఉంది, ఇంకేమీ వెతకనక్కర్లేదు. విండోస్‌లో ఫైల్ హిస్టరీ అనే సదుపాయం లోపలే ఉంది, కంట్రోల్ ప్యానెల్‌లో దొరుకుతుంది. డ్రైవు తగిలించి ఉన్నంతసేపూ మామూలుగా గంటకోసారి మారిన ఫైళ్ళను తేదీ వేసి దాస్తుంది. అయితే మన దగ్గర దీనితో ఒక చిక్కుంది. మన షాపుల్లో బిగించి ఇచ్చే కంప్యూటర్లలో ఒకే డిస్కును సీ, డీ, ఈ అని ముక్కలు చేస్తారు. విండోస్ పాడైనా ఫైళ్ళు మిగులుతాయని అందరూ ఫొటోలూ లెక్కలూ డీలో పెడతారు. ఫైల్ హిస్టరీ చూసేది డాక్యుమెంట్స్, పిక్చర్స్, డెస్క్‌టాప్ వంటి చోట్లనే. డీ డ్రైవులోని ఫోల్డర్లను మనం లైబ్రరీలో చేరిస్తే తప్ప వాటిని ముట్టదు. ఏళ్ళ తరబడి బ్యాకప్ నడుస్తోందనుకున్న ఇంట్లో అసలైనవేవీ అందులో లేకపోవడం ఇలాగే జరుగుతుంది. సీ నుంచి డీకి కాపీ చేసుకుని నిశ్చింతగా ఉండేవాళ్ళూ ఉన్నారు. రెండూ ఒకే పళ్ళెం మీద ఉన్న ముక్కలని వాళ్ళకు ఎవరైనా చెప్పాలి.

మొత్తం కంప్యూటరునే, విండోస్‌తో సహా, ఒక బొమ్మగా తీసి దాచాలంటే వీమ్ ఏజెంట్ ఉచిత కూర్పు సరిపోతుంది. ఒకప్పుడు అందరూ సిఫారసు చేసిన మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత కూర్పును కంపెనీ ఆపేసింది, పాత వ్యాసాలు చదివి దాని కోసం వెతకవద్దు. ఉబుంటు వాడేవాళ్ళకు దేజా డూప్ తేలిక.

డీటీపీ సెంటర్ల సంగతి విడిగా చెప్పాలి. నరసరావుపేటలో పెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు, స్కూలు పత్రికలు చేసే సెంటర్లలో ఏళ్ళుగా పేజ్‌మేకర్, అను ఫాంట్లే రాజ్యం. అను ఫాంట్లు యూనికోడ్ కావు. ఫైలు లోపల ఉండేది ఇంగ్లీషు అక్షరాల సంకేతాలు, ఫాంటు వాటికి తెలుగు బొమ్మలు తొడుగుతుంది. ఫైళ్ళను మాత్రమే బ్యాకప్ తీసి, పాత కంప్యూటరు పోయాక కొత్తదాంట్లో తెరిస్తే కనపడేది తెలుగు కాదు, అర్థంలేని గుర్తుల వరస. కనుక ఫైళ్ళతో పాటు ఆ ఫాంట్లు, కీబోర్డు సాఫ్ట్‌వేర్, పేజ్‌మేకర్ ఇన్‌స్టాల్ చేసే డిస్కు, అన్నీ అదే ఫోల్డరులో ఉండాలి. పూర్తయిన ప్రతి పనికీ ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ ఒకటి చేసి పక్కన ఉంచితే, ఇరవై ఏళ్ళ తర్వాత పేజ్‌మేకర్ నడిచే యంత్రమే లేకపోయినా పేజీ చదువుకోవచ్చు. ఫైళ్ళ పేర్లు తెలుగులో పెట్టేవాళ్ళు మరీ పొడుగు పేర్లు పెట్టవద్దు. లినక్స్ మీద నడిచే నిల్వ పెట్టెల్లో పేరుకు 255 బైట్లు హద్దు, ప్రతి తెలుగు సంకేతానికీ మూడు బైట్లు ఖర్చవుతాయి. గుణింతపు గుర్తులు కూడా లెక్కలోకే వస్తాయి కనుక 85 సంకేతాలకే గది నిండిపోతుంది.

ఇప్పుడు రెండో డ్రైవు. అమెరికన్ ఫొటోగ్రాఫర్ పీటర్ క్రోగ్ ప్రచారంలోకి తెచ్చిన 3-2-1 సూత్రం ఇంటికీ సరిపోతుంది. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఇంకో చోట. పల్నాటి వీరుల కథ మన దాకా వచ్చిన దారి చూడండి. శ్రీనాథుడి పేర ఉన్న ద్విపద ఒకవైపు, గాయకుల నోటి పాట ఇంకోవైపు నడిచాయి. ద్విపదను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించారు. పాటను జీన్ రోఘైర్ టేపు మీదికి ఎక్కించి, ఇంగ్లీషు అనువాదంతో 1982లో ఆక్స్‌ఫర్డ్ నుంచి ప్రచురించారు. తాటాకుకు చెద పట్టినా గాయకుడికి ఏమీ కాదు, గాయకుడి వంశం ఆగిపోయినా అచ్చు పుస్తకానికి ఏమీ కాదు. రెండు రకాల మాధ్యమాలు అన్న షరతు అందుకే.

ఇంటి లెక్కలో కంప్యూటర్లో ఉన్నది ఒక ప్రతి, బీరువాలోది రెండు, గుంటూరులో బాబాయి గారింట్లోనో హైదరాబాదులో అక్క దగ్గరో ఉన్నది మూడు. దొంగ ఇల్లు దోచుకుపోతే ల్యాప్‌టాప్‌తో పాటే డ్రైవూ పోతుంది. పిడుగు పడినా, ఇల్లు అంటుకున్నా అంతే. ఊరవతలి డ్రైవు కొన్ని నెలలు పాతదైనా ఫరవాలేదు. సంక్రాంతికి అక్క వచ్చేటప్పుడు ఆ డ్రైవు తెస్తుంది, ఇంట్లో తాజాగా నింపిన దాన్ని పట్టుకుపోతుంది. దసరాకి మళ్ళీ అదే మార్పిడి. రెండు డ్రైవులూ ఇలా తిరుగుతుంటాయి కాబట్టి ఏదీ ఏళ్ళ తరబడి కదలకుండా ఉండిపోదు.

ఊరు దాటే డ్రైవుకు తాళం ఉండాలి. ఆధార్ స్కానులు, బ్యాంకు కాగితాలు ఉన్నది బస్సులో మరిచిపోతే ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. విండోస్ ప్రొ ఉంటే బిట్‌లాకర్ వాడవచ్చు. హోమ్ కూర్పు బిట్‌లాకర్ డ్రైవును తెరవగలదు కానీ కొత్తగా తాళం వేయలేదు, దానికి వెరాక్రిప్ట్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. పాస్‌వర్డు మరిచిపోతే డ్రైవును ఇక తెరవలేకపోవచ్చు. అందుకని దాన్ని కాగితం మీద రాసి, పొలం దస్తావేజులు ఉన్న కవరులో పెట్టండి. ఇంట్లో ఇంకొకరికి ఆ సంగతి చెప్పండి. కంప్యూటరు నాన్నకే తెలుసు, పాస్‌వర్డు కూడా ఆయనకే తెలుసు అన్న ఇంట్లో ఆయన ఆసుపత్రిలో ఉన్న రోజున ఆరోగ్య బీమా కాగితం తీయగలిగేవాళ్ళు ఉండరు.

చివరగా తిరిగి తీసి చూడడం. ఏడాదికి రెండుసార్లు, డ్రైవులు మార్చుకునే రోజునే, డ్రైవును ఇంకొకరి కంప్యూటరుకు తగిలించండి. మీదానిలో తెరుచుకుంటే సరిపోదు. మీ ఫాంట్లు, మీ ప్రోగ్రాంలు, గుర్తుపెట్టుకున్న పాస్‌వర్డు అక్కడ సాయం చేస్తుంటాయి. నాలుగు ఫైళ్ళు చాలు. ఒక పాత ఫొటో, ఒక ఎక్సెల్ లెక్క, ఒక పీడీఎఫ్, పెళ్ళి వీడియో. వీడియోను మొదటి నుంచి చూసి ఆపేయకండి, చివరి ఐదు నిమిషాలకు జరిపి చూడండి. సగంలో తెగిన కాపీ కూడా మంగళవాయిద్యాలతో చక్కగానే మొదలవుతుంది, తేడా తెలిసేది అప్పగింతల దగ్గరే. అక్కడ ఆగిపోతే, అసలు ఇంకా కంప్యూటర్లో ఉండగానే, ఆ రోజే మళ్ళీ కాపీ చేసి పంపవచ్చు.